లిస్టు అడిగితే ఎందుకు పంపలేదంటే

శ్రీకాకుళం నుంచి ఒక మిత్రుడు పోయిన నెల ఫోన్ చేశాడు. వాళ్ల కాలనీలో పదిమంది కలిసి నెలకో పుస్తకం చదువుకుందామనుకుంటున్నారట. కథలూ నవలలూ వాళ్లకి కొత్త కాదు. సైన్సు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు. "నువ్వు పర్లాకిమిడిలో మూడేళ్లుగా నడుపుతున్నావు కదరా, ఒక పది పేర్లు రాసి పడెయ్, చాలు" అన్నాడు. సరే అన్నాను. ఆ రాత్రి కాగితం తీసి వరసగా అంకెలు వేసుకుని కూర్చున్నాను. మూడు పేర్లు రాసి నాలుగో అంకె దగ్గర ఆగిపోయాను. రాసిన మూడింట్లో రెండు మా దగ్గర ఘోరంగా దెబ్బతిన్నాయి. రాయకుండా వదిలేసిన ఒకటి మాత్రం నాలుగు నెలలు నడిచింది.

లిస్టు పంపలేదు. ఇది రాస్తున్నాను. వాడికి కోపం వస్తే రానీ.

మాది పెద్ద సంఘమేం కాదు. నేను లెక్కలు ట్యూషన్ చెప్పే గది ఉంది. ఆదివారం పిల్లలు వెళ్లాక చాపలు ఎలాగూ పరిచే ఉంటాయి కాబట్టి సాయంత్రం నాలుగింటికి అక్కడే కూర్చుంటాం. రిటైరైన సైన్సు మాస్టారు ఒకరు, మందుల షాపాయన, బ్యాంకులో పనిచేసే ఆయన, నర్సు ఉద్యోగం చేసే ఒకావిడ, మా ఇంటి ఓనరమ్మ, డిగ్రీ పిల్లలు ముగ్గురు నలుగురు, గుమ్మా వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న సవర కుర్రాడు. పది పన్నెండు మందిమి. తెలుగు అందరమూ మాట్లాడతాం. తడుముకోకుండా చదవగలిగేది ఐదుగురమే. మిగతావాళ్ల చదువంతా ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో సాగింది. గిడుగు వారు తిరిగిన ఊళ్లో పరిస్థితి ఇది. అందుకని మేం ఇంట్లో చదువుకుని రావడాలు ఉండవు. ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు వింటారు. ఇంగ్లిష్ పుస్తకమైతే ఒక పేరా చదివి, తెలుగులో చెప్పుకుని, తర్వాత పేరాకి వెళ్తాం. కింద నేను చెప్పే మాటల్లో సగం ఈ పద్ధతి వల్ల పుట్టినవే. ఎవరి కాపీ వాళ్లు కొనుక్కుని చదివే చోట ఇవి వర్తించకపోవచ్చు.

హాకింగ్‌తో మొదలుపెట్టాం

మొదటి పుస్తకం ఎంచుకోవడానికి అరగంట కూడా పట్టలేదు. హాకింగ్ రాసిన 'ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్'. 1988లో వచ్చిన ఆ పుస్తకం పేరు వినని వాళ్లు మాలో లేరు, ఆఖరిదాకా చదివినవాళ్లూ లేరు. మొదటి పేజీలోనే ఒక ముసలావిడ లేచి భూమి తాబేలు మీద ఉందంటుంది. ఆ తాబేలు దేని మీదుందని అడిగితే కింద అన్నీ తాబేళ్లే అంటుంది. గదంతా నవ్వాం. మా ఓనరమ్మ మాత్రం నవ్వలేదు. "నవ్వుతారేటి? మన శ్రీకూర్మంలో స్వామి మరేటి చేస్తన్నాడు?" అంది. ఆ రోజు చాలా బాగా గడిచింది.

నాలుగో వారానికి నలుగురం మిగిలాం. సమీకరణం ఒక్కోటి పెట్టినకొద్దీ అమ్మకాలు సగానికి సగం పడిపోతాయని ఎవరో హెచ్చరించారనీ, అందుకే ఒక్కటే ఉంచాననీ హాకింగ్ ఆ పుస్తకంలోనే రాసుకున్నాడు. మాకు సమీకరణాల దాకా వెళ్లే అవసరమే రాలేదు.

విషయం కష్టమై పారిపోయారనుకున్నాను. మానేసినవాళ్లని ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను. మందుల షాపాయన చెప్పిన జవాబు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "కష్టమేం కాదండి. ఆయన చెప్తున్నాడు, నేను ఊఁ కొడుతున్నాను. పురాణం విన్నప్పుడూ నేను చేసేది అదే. దానికి మీ గదిదాకా రావడం ఎందుకు, గుళ్లో మైకు పెట్టి మరీ చెప్తారు."

హాకింగ్‌కి అన్యాయం చెయ్యకూడదు. దూరపు గెలాక్సీల వెలుగు ఎరుపు వైపు జరగడం చూసి, విశ్వం విస్తరిస్తోందని హబుల్ ఎలా కనిపెట్టాడో ఆయన చెప్తాడు. కానీ పేజీ తిప్పేలోగా ఇంకో పెద్ద సంగతికి వెళ్లిపోతాడు. గదిలో పైకి చదువుతున్నప్పుడు ఆ వేగానికి ఎవరికీ అడ్డుపడే సందు దొరకదు. అడ్డుపడకపోతే మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? "అబ్బ, ఎంత పెద్దదండీ" అనుకోవడమే.

అప్పటినుంచి నాకొక అలవాటు పట్టుకుంది. ఎవరైనా పుస్తకం తెస్తే మధ్యలో ఎక్కడో తెరిచి నాలుగైదు పేజీలు చదువుతాను. ఆ పేజీల్లో ఎవరైనా ఏదైనా పని చేస్తూ కనిపించాలి. కొలవాలి, లెక్కపెట్టాలి, ఇల్లిల్లూ తిరగాలి, సీసాలో ఏదో పోసి రాత్రంతా కాపలా కాయాలి, తప్పు చేసి తల పట్టుకోవాలి. అలాంటి మనిషి కనపడితే పుస్తకం లోపలికి వస్తుంది. లేకపోతే ఎంత గొప్ప విషయమైనా, రాసినాయన ఎంత పేరున్నవాడైనా బయటే. గొప్పది, తేలికైంది, తాజాది అనే మూడు కొలతలతోనే అందరూ సైన్సు పుస్తకాలు ఎంచుతారు. మూడూ నన్ను మోసం చేశాయి. ఈ ఒక్క కొలతా ఇంతవరకూ పెద్దగా మోసం చెయ్యలేదు. చేసిన ఒక్కసారి సంగతీ చెప్తాను, ఆఖర్న.

పంపు కథ

నాలుగు నెలలు నడిచిందన్నానే, అది 'ది ఘోస్ట్ మ్యాప్'. 1854లో లండన్‌లో వచ్చిన కలరా మీద స్టీవెన్ జాన్సన్ 2006లో రాసింది. నిజానికి నేను దాన్ని వద్దనుకున్నాను. లండన్ వీధుల గొడవ పర్లాకిమిడిలో ఎవరికి కావాలి అనుకున్నాను. నర్సమ్మ పట్టుబట్టింది. 2007లోనూ, మళ్లీ 2022లోనూ రాయగడ జిల్లా కాశీపూర్ వైపు కలరా వచ్చింది. ఆవిడకి అది చరిత్ర కాదు.

సోహోలో బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ కొద్ది వారాల్లో ఆరువందల మందికి పైగా పోయారు. గాలిలో దుర్వాసనే రోగానికి కారణమని అప్పటి పెద్దలందరి నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు నీళ్లని అనుమానించి ఇల్లిల్లూ తిరిగాడు. పక్కనే ఉన్న బీరు బట్టీలో పనివాళ్లు పోలేదేంటి? వాళ్లు నీళ్లు కాదు, బీరు తాగుతున్నారు. ఎక్కడో దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక ముసలావిడ ఎందుకు పోయింది? ఆవిడకి ఈ పంపు నీళ్ల రుచి ఇష్టమని బండి మీద సీసాల్లో తెప్పించుకునేది.

ఈ ముక్క దగ్గర మా ఓనరమ్మ చదువు ఆపించింది. "మనమూ అంతే కదా" అంది. మా వీధి చివర చేతి బోరు ఒకటుంది. ఇంటి ముందు కుళాయి పెట్టుకుని కూడా నాలుగిళ్లవాళ్లు బిందెలు మోసుకుంటూ అక్కడికే పోతారు. ఎందుకంటే ఆ నీళ్లతో కందిపప్పు తొందరగా ఉడుకుతుంది. అంతే, ఒడియా క్యాలెండర్ పాత కాగితం ఒకటి చింపి వెనక్కి తిప్పాం. డిగ్రీ చదివే అమ్మాయి స్కేలు పెట్టి మా వీధి గీసింది. కుళాయిలకి గుండ్రాలు, బోర్లకి చుక్కలు, మురిక్కాలవకి నీలం గీత. ఏ ఇల్లు ఏ నీళ్లు తాగుతుందో నింపడానికి రెండు ఆదివారాలు పట్టింది. తమాషా ఏమిటంటే, ఎదురింట్లో ఏ నీళ్లు తాగుతారో మాకు తెలుసుననుకున్న వాటిలో దాదాపు సగం తప్పులే. అడిగితేనే తెలిసింది. ఆ కాగితం ఇప్పటికీ గదిలో మేకుకి వేలాడుతోంది. నీలం గీతని బోరు చుక్క నుంచి వేలితో కొలిచి నర్సమ్మ ఏదో అనబోయి ఊరుకుంది. తర్వాత వారం నుంచి వాళ్లింట్లో నీళ్లు కాచి తాగుతున్నారని తెలిసింది.

ఈ పుస్తకంలో నాకు ఇంకా నచ్చింది వైట్‌హెడ్ అనే పాదిరి. స్నో మాట తప్పని రుజువు చేద్దామని బయల్దేరి ఇల్లిల్లూ తిరిగి, చివరికి ఆ మాటే నిజమని తేల్చుకున్నాడు. జబ్బు చేసిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పంపు పక్కనే ఉన్న గోతిలో పోసిన సంగతి బయటపెట్టింది ఆయనే. అంతా అయ్యాక మాస్టారు ఒక పుల్ల వేశారు. "సెప్టెంబరు 8న పంపు హ్యాండిల్ తీయించేనాటికే చావులు తగ్గుముఖం పట్టాయి. ఈ సంగతి స్నోయే ఒప్పుకున్నాడు. మరి హ్యాండిల్ తియ్యడం వల్లే ఆగిందని మన పిల్లలకి ఎందుకు చెప్తున్నాం?" ఆ వారం ఆరున్నర దాటినా ఎవరూ లేవలేదు.

అక్కణ్ణించి మాట ఉద్దానం కిడ్నీ జబ్బు మీదికి పోయింది. పోక తప్పదు. బ్యాంకాయన బావగారు సోంపేట దగ్గర, డయాలసిస్ మీద ఉన్నారు. ఇరవై ఏళ్లు దాటింది డాక్టర్లు వచ్చి చూడబట్టి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, జన్యువులన్నారు. ఇదీ అని తేలలేదు. అయినా హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులు వేసి మంచినీళ్లు ఇస్తున్నారు. "చూశారా, స్నోకి కూడా క్రిమి కనపడలేదు. కారణం పూర్తిగా తెలియకుండానే హ్యాండిల్ తీయించాడు. ఇదీ అంతే" అన్నాడు మందుల షాపాయన. నర్సమ్మ ఒప్పుకోలేదు. "స్నో దగ్గర లెక్క ఉందండి. ఈ పంపు తాగినవాళ్లు ఇందరు, తాగనివాళ్లు ఇందరు అని. ఉద్దానంలో ఒకే బావి నీళ్లు తాగిన ఒకే ఇంట్లో అన్నకి వస్తుంది, తమ్ముడికి రాదు. ఆ లెక్క ఇంకా తేలలేదు." బ్యాంకాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి ఉద్దానం మీద ఇట్లాంటి పుస్తకం ఉందా?" అని నన్నడిగాడు. నా దగ్గర లేదన్నాను.

'విశ్వం ఎలా పుట్టింది' తరహా పుస్తకం చదువుతున్నప్పుడు ఇలాంటి ప్రశ్న మా గదిలో ఒక్కసారీ పుట్టలేదు. నేను పంపు కథ వైపు మొగ్గడానికి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

మన సుబ్బారావు

ఒకసారి ముచ్చటపడి సిద్ధార్థ ముఖర్జీ క్యాన్సర్ పుస్తకం 'ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మ్యాలడీస్' తెచ్చాం. దిండంత ఉంటుంది. మొత్తం చదివే ప్రశ్నే లేదు. సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల లుకేమియాకి, అంటే రక్త క్యాన్సర్‌కి, మందు వెతికిన భాగం మాత్రం జెరాక్స్ తీసుకున్నాం. కారణం మీరు ఊహించగలరు. అందులో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు.

ఆ పేరు వచ్చినప్పుడు గది ఎలా ఉందో చెప్పలేను. చప్పట్లు కొట్టారు. మాస్టారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. 1923లో బోస్టన్‌లో దిగిన మనిషి, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిలో పేరు మిగిలిపోయిన మనిషి, 1948లో యాభై మూడేళ్లకే పోయిన మనిషి. నోబెల్ రాలేదన్న బాధ ఒక గంటసేపు పంచుకున్నాం. ఇంటికెళ్తూ ఆలోచిస్తే, ఆ గంటలో మేం ఒక్క సైన్సు ముక్క కూడా మాట్లాడుకోలేదని అర్థమైంది. సన్మాన సభ జరిపాం, శాలువా ఒక్కటే తక్కువ.

తర్వాత వారం అదే జెరాక్స్ మళ్లీ తీశాను. మేం చప్పట్ల హడావుడిలో దాటేసిన ఒక పేరా ఉంది. ఫార్బర్ మొదట లుకేమియా పిల్లలకి ఇచ్చింది ఫోలిక్ యాసిడ్. రక్తం బాగుపడుతుందనుకున్నాడు. జబ్బు ఇంకా జోరందుకుంది. అంటే పిల్లల మీద చేసిన తప్పు. ఆ తప్పు నుంచే ఎదురు ఆలోచన పుట్టింది. ఫోలిక్ యాసిడ్ జబ్బుకి మేత అయితే, దానికి అడ్డుపడేది జబ్బుని ఆపాలి కదా. అలాంటి అడ్డుకట్ట మందు, అమినోప్టెరిన్, లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం నుంచి వచ్చింది. పదహారు మంది పిల్లల్లో పదిమందికి గుణం కనిపించింది. అదీ కొన్ని నెలల పాటే.

"మరి మిగతా ఆరుగురు?" అంది నర్సమ్మ. "ఆ మొదటి మందు ఇచ్చిన పిల్లల తల్లిదండ్రులకి ఏమని చెప్పారట?" అని డిగ్రీ అమ్మాయి. మందుల షాపాయన ఏమీ అనలేదు. ఆ పై వారం మాత్రం చొక్కా జేబులోంచి ఒక స్ట్రిప్పు తీసి చాప మీద పెట్టాడు. మెథోట్రెక్సేట్. అమినోప్టెరిన్‌కి తమ్ముడి లాంటిది. ఇప్పుడు కీళ్లవాతానికి కూడా రాస్తారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. "పదిహేనేళ్లుగా అమ్ముతున్నాను. ఇది మనాయన మందుకి చుట్టమని నాకు తెలీదు" అన్నాడు. పసుప్పచ్చ మాత్రలు, చిన్న చిన్నవి. అందరి చేతులూ మారి మళ్లీ ఆయన జేబులోకి వెళ్లాయి.

కాబట్టి 'మనవాడి గురించి ఉంది' అన్నది పుస్తకం ఎంచుకోవడానికి చెడ్డ కారణమేమీ కాదు. గుమ్మం దాటించడానికి పనికొస్తుంది. కాకపోతే అక్కడే దండలు వేసి కూర్చోబెట్టేస్తాం, అదీ భయం.

మాట దగ్గర పేచీ

తెలుగులో ఉన్నవే చదవాలని మాస్టారు మొదటినుంచీ అంటారు. న్యాయమే. కొడవటిగంటి రోహిణీప్రసాద్ వ్యాసాలు చదివితే పక్కన కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. మహీధర నళినీమోహన్ 'క్యాలెండర్ కథ' పట్టుకున్నప్పుడైతే మా ఓనరమ్మ వారం వారం ముందొచ్చి కూర్చునేది. ఆవిడకి ఎన్నాళ్లుగానో ఒక పేచీ ఉంది. పక్కింటి ఒడియావాళ్లు మార్గశిర గురువారాల నోము మనకంటే పదిహేను రోజులు ముందే మొదలుపెట్టేస్తారు. "వాళ్లు తప్పా, మేం తప్పా?" అని నన్ను ఎన్నోసార్లు నిలదీసింది. వాళ్లకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. కార్తీక పున్నమి మర్నాటినుంచి వాళ్లకి మార్గశిరం వచ్చేస్తే, మనకి ఇంకా కార్తీక బహుళమే నడుస్తూ ఉంటుంది. చంద్రుడు ఒకడే, గోడ ఒకటే, నెల పేర్లు రెండు. రెండు పంచాంగాలూ పక్కపక్కన పెట్టి ఆవిడే వేలితో తేల్చుకుంది. పక్కింటికెళ్లి చెప్పి కూడా వచ్చిందట.

తెలుగు కాబట్టే ఇది నడిచిందా? నాకు అనుమానమే. మరో తెలుగు పుస్తకం తెచ్చాం, పేరెందుకు లెండి. వాడుక భాష, సరళమైన వాక్యాలు, పేజీకో ఆశ్చర్యార్థకం. రెండు వారాల్లో గది మళ్లీ ఊఁ కొట్టడం మొదలుపెట్టింది. అంతా తేలిగ్గా అర్థమవుతోంది, అడగడానికేమీ లేదు. పంపు కథ ఇంగ్లిష్‌లో ఉంది. ఒక్కో పేరాకి పది నిమిషాలు పట్టేది. అయినా దాన్ని వదల్లేదు.

పదాల సంగతి వేరు. కిరణజన్య సంయోగక్రియ అని మాస్టారు ఒక ఊపిరిలో అనేస్తారు. ఒడియా మీడియం పిల్లలకి అది ఆలోక శ్లేషణ. ఇంగ్లిష్ మీడియం పిల్లలకి ఫోటోసింథసిస్. ఒకసారి ఈ మూడింటిమీదా పావుగంట కొట్టుకున్నాం. అప్పుడు సవర కుర్రాడు మెల్లిగా, "ఆకు ఎండతో అన్నం వండుకుంటాది, అంతే గదా?" అన్నాడు. అతను ఇంట్లో సవర, బళ్లో ఒడియా, బజారులో తెలుగు మాట్లాడతాడు. గిడుగు వారు సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్న ఊరిది. ఇప్పుడు సవర కుర్రాడు మాకు తెలుగు నేర్పుతున్నాడు. ఆ రోజునుంచి పదం దగ్గర ఆగిపోయినప్పుడల్లా అతని వైపు చూస్తాం. పాపం, అతనికి ఇదొక టెన్షన్ అయింది.

పుస్తకమే తప్పయితే?

బ్యాంకాయన తెచ్చినవి రెండూ మనుషుల గురించే. 'సేపియన్స్' మీద రెండు వారాలు గట్టిగా వాదించుకున్నాం. వాదన టీవీ చర్చలా నడిచింది, ఎవరి అభిప్రాయం వాళ్లు పట్టుకుని ఇంటికెళ్లారు. అంతకంటే చెప్పడానికేమీ లేదు. రెండోది డేనియల్ కానెమన్ 'థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో', 2011 నాటిది. నా పరీక్షలో అది ఫస్టు క్లాసు. పేజీ పేజీకీ ఒక ప్రయోగం.

అందులో ఒక ప్రయోగం మాకు తెగ నచ్చింది. కాలేజీ పిల్లలకి ముసలితనాన్ని గుర్తుచేసే మాటలున్న వాక్యాలు సరిచెయ్యమని ఇస్తే, బయటికెళ్తూ నడవాలో నెమ్మదిగా నడిచారట. 1996లో వచ్చిన పరిశోధన. మా ట్యూషన్ పిల్లల మీద చేసి చూశాం. తెల్లజుట్టు, చేతికర్ర, కళ్లజోడు అని వాక్యాలిచ్చి వరండాలో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాం. ట్యూషన్ అయిపోయిందన్న సంతోషంలో వాళ్లు పరిగెత్తారు. ఏమీ తేలలేదు.

తీరా నెట్‌లో వెతికితే తెలిసింది. 2012లో బెల్జియంలో మళ్లీ చేశారు. యంత్రంతో నడక కొలిస్తే తేడా లేదు. పిల్లలు నెమ్మదిగా నడుస్తారని ముందే నమ్మినవాళ్లు పరీక్ష పెట్టినప్పుడే తేడా కనిపించింది. 2017లో కానెమన్ కూడా, ఆ అధ్యాయంలో చిన్న చిన్న ప్రయోగాల్ని అతిగా నమ్మానని బాహాటంగా ఒప్పుకున్నాడు. బ్యాంకాయన మొహం చిన్నబోయింది. పుస్తకం వెనక్కిచ్చేద్దామా అన్నాడు.

ఇచ్చెయ్యకూడదన్నాను. అసలు మంచి చదువు అక్కణ్ణించే మొదలైంది. రాసినాయన ఎక్కడ తప్పాడో, ఎందుకు తప్పాడో తెలిసిన పుస్తకం నాకు తప్పుల్లేని పుస్తకం కంటే ముద్దు. మాస్టారు దీనికి ఒప్పుకోరు. "నీకు వెనక నెట్ ఉంది, వెతికావు. ఇంట్లో ఒక్కడే కూర్చుని చదివేవాడికి ఎవడు చెప్తాడు? తప్పున్న పుస్తకం వాడి బుర్రలో తప్పుగానే ఉండిపోతుంది" అంటారు. దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు. కొత్త పుస్తకమైతే ఇంకా ప్రమాదం, తప్పులు బయటపడే టైమే ఉండదు. పదేళ్లు పాతబడ్డ పుస్తకం కొంచెం నయమని ఇప్పుడిప్పుడే అనిపిస్తోంది. మరీ పాతదైనా ఫరవాలేదు. మాస్టారి బీరువాలో పెరెల్మాన్ ఉన్నాడు. ఆయన భౌతికశాస్త్రం పుస్తకం రష్యన్‌లో మొదట వచ్చింది 1913లో. ఉడికిన గుడ్డునీ పచ్చి గుడ్డునీ తిప్పి చూసి ఏది ఏదో చెప్పమంటాడు. ఉడికింది బొంగరంలా తిరుగుతుంది, పచ్చిది మొరాయిస్తుంది. వందేళ్లు దాటినా గుడ్డు మాట మార్చలేదు. ఓనరమ్మ ఇంట్లోకి గుడ్డు రానివ్వదు కాబట్టి ఆ ఒక్క ఆదివారం మందుల షాపు అరుగు మీద కూర్చున్నాం.

పరీక్ష తప్పిన చోట

వీధి పటం గీసిందే ఆ డిగ్రీ అమ్మాయి, ఒకసారి కార్ల్ సేగన్ 'కాస్మోస్' తెచ్చింది. 1980 పుస్తకం, ఎక్కడో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదట, అట్ట ఊడితే సెల్లోటేపు వేసుకుంది. నేను అలవాటు ప్రకారం మధ్యలో తెరిచాను. నాలుగు పేజీలు చదివాను. అంతా వైభవమే, పని చేస్తున్న మనిషి కనపడలేదు. "ఇది మళ్లీ హాకింగ్ అవుతుందమ్మా" అని పక్కన పెట్టేశాను. తను ఏమీ అనలేదు. రెండు ఆదివారాలు రాలేదు.

మాస్టారు నన్ను కోప్పడ్డారు. "ఆకాశం పుస్తకం చదివే నేను సైన్సు మాస్టర్నయ్యాను. పదహారేళ్లప్పుడు నాకేం లెక్కలు తెలుసు? ఆశ్చర్యమే తెలుసు. నువ్వు మురిక్కాలవ దగ్గర మొదలుపెట్టమంటే ఏ పిల్ల వస్తుంది?" నిజమే. మా గదిలో పెద్దవాళ్లం ఎక్కువ. నీళ్లూ మందులూ కిడ్నీలూ మాకు పడతాయి. నా కొలత నా వయసుకి సరిపోయిందేమోనన్న అనుమానం అప్పుడే మొదలైంది.

మూడో ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. కూర్చోకుండానే, "సార్, మీరు మధ్యలో తెరిచారు. మొదటి అధ్యాయం చూడలేదు" అంది. తీసి తనే చదివింది. ఎరటోస్తనీస్. ఈజిప్టులో సియీన్ అనే ఊళ్లో వేసవిలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం కర్రకి నీడ ఉండదు. అదే రోజు అలెగ్జాండ్రియాలో ఉంటుంది, ఏడు డిగ్రీల పైచిలుకు. ఊళ్ల మధ్య దూరం దాదాపు ఎనిమిది వందల కిలోమీటర్లు. ఏడు డిగ్రీలంటే గుండ్రంలో యాభయ్యో వంతు. ఎనిమిది వందల్ని యాభైతో గుణిస్తే నలభై వేలు, భూమి చుట్టుకొలత. రెండు కర్రలు, ఒక నీడ. నా పరీక్షకి ఇంతకంటే బాగా సరిపోయే పేజీ ఎక్కడా ఉండదు, నేను దాన్ని తెరవకుండానే పుస్తకం మూసేశాను.

ఇప్పుడు మధ్యలో కాదు, మూడు చోట్ల తెరుస్తున్నాను. ఇంకెన్ని చోట్ల తెరవాల్సొస్తుందో.

మన ఊళ్లోనూ కర్రకి నీడ మాయమయ్యే రోజులున్నాయి, ఏడాదికి రెండు. మే నెల మధ్యలో ఒకటి, జూలై ఆఖర్న ఒకటి. జూలైలో మబ్బు నమ్మడానికి లేదు కాబట్టి మే నెలకి ముహూర్తం పెట్టాం. రెండో కర్ర శ్రీకాకుళంలో మా మిత్రుడి చేత పాతిద్దామనుకున్నాను, లిస్టుకి బదులు వాడికో పనిచ్చినట్టుంటుందని. మాస్టారు కాగితం మీద లెక్కేసి తల అడ్డంగా ఊపారు. రెండు ఊళ్లకీ ఉత్తర దక్షిణాల్లో తేడా అర డిగ్రీ. మీటరు కర్రకి ఎనిమిది మిల్లీమీటర్ల నీడ. సూర్యుడి బింబమే అర డిగ్రీ వెడల్పు, నీడ అంచు అంతమేరా మసగ్గానే ఉంటుంది, ఇంక కొలిచేదేముంది అన్నారు. అమ్మాయి వాళ్లన్నయ్య చెన్నైలో ఉన్నాడట. అక్కడికి ఐదున్నర డిగ్రీల పైన తేడా, మీటరు కర్రకి పది సెంటీమీటర్ల నీడ రావాలి. ఆ పిల్లవాడు ఆఫీసు లంచ్ టైములో డాబా ఎక్కి కర్ర నిలబెట్టడానికి ఒప్పుకున్నాడు. సెక్యూరిటీవాళ్లు పైకి పోనిస్తే.